బాటసారికి రెండో సంతకం

హలో, అందరికీ నమస్కారం. వినబడుతోందా? టీ పక్కన పెట్టుకుని కూర్చోండి, కథ చిన్నదే. 2068లో, అనకాపల్లిలో జరుగుతుంది.

ఆ రోజుల్లో వెన్ను దెబ్బతిని కాళ్ళు పడిపోయినవాళ్ళు మంచానికి అతుక్కుపోరు. శనగగింజంత నడకపూసను, డాక్టర్ల భాషలో న్యూరల్ బ్రిడ్జ్‌ను, వెన్నులో కూర్చోబెడతారు. మెదడు చెప్పే మాటను అది కాళ్ళకు చేరవేస్తుంది. అయితే ఫోనుకు లాగే పూసకూ ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలి. స్టెప్రాన్ కంపెనీ తన సిస్టమ్ లోపల ఏముందో ఎవరికీ చూపించదు. దానితో నడిచేవాళ్ళందరిదీ ఒకటే నడక, పెరేడ్‌లో పోలీసుల్లాగా.

వెన్ను దెబ్బతిన్న పైడితల్లికి ఆ నడక పడలేదు. చిన్నప్పటినుంచీ ఆమె ఎడమ కాలు కొంచెం పక్కకు విసిరి నడుస్తుంది. పూస పెట్టాక అద్దంలో చూసుకుని, "ఇది నా నడక కాదు మావా. ఎవులో నాలోన నడుస్తన్నారు" అంది.

ఆమె భర్త సూరిబాబు ప్రోగ్రామర్. మూడేళ్ళు కూర్చుని 'బాటసారి' అనే సిస్టమ్ రాశాడు. ఎవరి నడక వాళ్ళకొచ్చేలా, ఎవరైనా తెరిచి దిద్దుకునేలా ఓపెన్ సోర్స్‌గా పెట్టేశాడు. ప్రతి కొత్త వెర్షనూ ముందు పైడితల్లి పూసలోకే ఎక్కేది. ఆమె మేడమెట్లు ఎక్కి దిగి, "మోకాలు లేటుగా వంగతంది, ఆ పన్నెండో ఫైలు సూడు" అనేది. అలా పంతొమ్మిదేళ్ళలో పట్టిన లోపాల జాబితా మొత్తం ఆమె చేతిరాతే.

చూస్తుండగానే పన్నెండు లక్షల మంది బాటసారితో నడవసాగారు. కోడ్ దిద్దేవాడు మాత్రం సూరిబాబు ఒక్కడే. ఎవరైనా ఒక లోపం చెబితే దాని కింద 'నాకూ అంతే' అనే బటన్ ఉండేది. వేలమంది అది నొక్కి వెళ్ళిపోయేవారు.

ఇంతలో ప్రమాణాల బోర్డు కొత్త నియమం తెచ్చింది. దేశమంతటికీ పూసల స్టాండర్డ్ ఒక్కటే ఉండాలి, స్టెప్రానో బాటసారో. నెలనెలా పూసను సరిచూసే ఆసుపత్రి యంత్రాలు ఇకనుంచి దానితోనే పనిచేస్తాయి. సరిచూడని పూస ఆగిపోతుంది. బాటసారిని ఎంచుకోవాలంటే, సూరిబాబు తర్వాత చూసుకుంటానని ఇంకొకరు సంతకం పెట్టాలి. డిగ్రీ అక్కర్లేదు, సిస్టమ్ తెలిస్తే చాలు. గడువు పది రోజులు.

పాత పూసల్లో కొత్త స్టెప్రాన్ ఎక్కదు, మళ్ళీ ఆపరేషన్ కావాలి. పైడితల్లి వెన్ను ఇంకో కోతను తట్టుకోదని డాక్టర్లు ముందే చెప్పేశారు.

సూరిబాబు సైట్‌లో రాశాడు: 'నాకు అరవై ఆరేళ్ళు. ఒక్కరు తోడు రండి.' కింద 'మీ వెంటే ఉన్నాం' అన్న బటన్‌ను గంటగంటకీ వేలమంది నొక్కారు.

తొమ్మిదో రోజు విల్సన్ వచ్చాడు. స్టెప్రాన్ ఇంజినీరు. బోర్డులో ఏళ్ళ తరబడి సూరిబాబుతో వాదించినవాడు. చేతిలో మాడుగుల హల్వా పొట్లం.

"రెండో సంతకం దొరికిందా గురువుగారూ?"

"పన్నెండు లక్షల మంది నా వెంట ఉన్నారయ్యా."

"వెంట ఉన్నారు, సరేనండి. పక్కన ఎవరున్నారు?"

విల్సన్ పొట్లం పైడితల్లి చేతికిచ్చాడు. "మా కంపెనీయే గెలవాలనుకుంటానమ్మా, అబద్ధం ఎందుకు. కానీ మీరు ఆ కాలు విసిరి నడిచొస్తుంటే చూడ్డం నాకిష్టం. ఎవరో ఒకర్ని పట్టుకోండి."

"వస్తారులే బాబూ. అంతమందిలో సదువుకున్నోలు ఒక్కలైనా ఉండరేటి."

పదో రోజు సాయంత్రం అయిదింటికి గడువు ముగిసింది. రెండో సంతకం చోటు ఖాళీగానే ఉంది. స్టెప్రాన్ గెలిచింది.

పైడితల్లి ఫోను తీసి, ఆ బటన్ నొక్కినవాళ్ళ పేర్లు చదవడం మొదలుపెట్టింది. "ఈడు విజయనగరంలో డాక్టరంట. ఇది మొన్న మారథాన్ పరిగెట్టినాది. అందరూ వెంటే ఉన్నారంట. సిగ్గు నేదా ఈలకి?"

"మొదటిరోజు పేజీ తియ్యి" అన్నాడు సూరిబాబు. "పైనుంచి మూడో పేరు."

తీసింది. పైడితల్లి, అనకాపల్లి. మీ వెంటే ఉన్నాం.

ఆ రోజు పొయ్యి మీద పాలు పొంగుతుంటే, తడిచేత్తో నొక్కి పరిగెత్తింది. అంతే, మళ్ళీ తలవలేదు.

"నానేటి పెద్ద ఇంజినీరునా మావా? నాకేటి తెలుసని..."

"నీకు తెలిసినంత ఎవులికీ తెలీదే."

ఫోను పక్కన పెట్టి అడిగింది. "మరి నన్నడగొచ్చు కదా."

"అడుగుదామనే లేచినాను. అప్పుడే నీ పేరు కనబడింది. నువ్వే నొక్కి ఊరుకున్నావంటే ఇంకెవులూ రారని అర్థమైపోనాది. మనసు కష్టపెట్టుకుని అడగలేదు. నాదీ తప్పే."

బాటసారి ఆగిపోయే ఆఖరి రోజున పైడితల్లి మేడమెట్లు ఎక్కింది. తొందరపడలేదు. ఎడమ కాలు విసిరి విసిరి, ఒక్కో మెట్టూ. పైమెట్టు మీద కూర్చుని, పక్కన కూర్చున్న సూరిబాబుతో అంది.

"మోకాలు ఇప్పుడు సరిగ్గా వంగతంది. జాబితాలో రాసుకో."

ఇక ఆ జాబితా చదివేవాళ్ళు ఎవరూ లేరు. అయినా అతను రాసుకున్నాడు.

అంతేనండి. ఈ కథ మీ గ్రూపుల్లో అందరికీ పంపండి. కింద ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకోకండి. మీరు రోజూ వాడుకునేదాన్ని ఎవరు ఒంటరిగా మోస్తున్నారో కనుక్కుని, ఒక చెయ్యి వేసి, అప్పుడు పంపండి.