కుర్మయ్య గొంతు కోసం ఆగిన తలుపు

2012 ఏప్రిల్, శుక్రవారం మధ్యాహ్నం. తొండుపల్లి పక్కన యూనివర్సిటీ ల్యాబు. నెత్తి మీంచి విమానం పోయినప్పుడల్లా చాయ్ గ్లాసు గజగజలాడేది. అందుకే గొంతులు రికార్డు చేయడానికి మూలన బీరువాంత గది కట్టి, గోడలకు మందంగా స్పాంజి అతికించారు. లోపలొక మైకు, బయటొక మైకు. "వస్త" అని ఎవరన్నా అంటే యంత్రం గొంతు గుర్తుపట్టి ఆ గది తలుపు తీయాలి. మనీషా, షుజాత్‌ల పరిశోధన అదే.

సారు మొదట తలుపు తీసే మాటగా "వెళ్తున్నాను" అని పెట్టమన్నాడు. అటెండరు కుర్మయ్య చెవులు మూసుకున్నాడు. "పోతున్న అంటరా బిడ్డా ఎవలన్న? వస్త అనాలె!" మొదటి మూడువందల రికార్డులూ ఆయనవే. పోయిన నెల చనిపోయాడు, పాపం.

"నమాజుకు పోతున్న," అన్నాడు షుజాత్.

"పోతున్న అనకోయ్, కుర్మయ్య వింటే తిడతడు!"

నవ్వుకుంటూ మనీషా ఫోను బల్ల మీద పెట్టి, గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. హెడ్‌ఫోన్లు తగిలించుకుంది.

కరెంటు పోయింది.

కోత మూడింటి దాకా. ఇన్వర్టరు కంప్యూటరుకూ తాళానికీ మాత్రమే. గాలి ఫ్యాను ఆగింది. చీకటి, వేడెక్కిన స్పాంజి వాసన.

"వస్త," అంది. తలుపు కదల్లేదు. "వస్త. వస్త!"

అప్పుడు గుర్తొచ్చింది. "పాత ఫైలు ఎక్కించిన, మారుస్త," అన్నాడు షుజాత్ పొద్దున. మార్చలేదు! అందులో ఉన్నది ఒక్క కుర్మయ్య గొంతే.

తలుపు గుద్దింది. చప్పుడును స్పాంజి మింగేసింది. విమానమే వినపడని గది... ఈమె కేక ఎవరికి వినపడాలి?

కుర్మయ్యలా మాట్లాడి ల్యాబంతా నవ్వించడం ఆమెకు అలవాటే. గొంతు బొంగురు చేసింది. "వస్త బిడ్డా..." మళ్లీ. "వస్త..." ఊపిరి ఆడటం లేదు.

హెడ్‌ఫోన్లలో దగ్గు.

ఆమె దగ్గలేదు.

బీడీ వాసన... చెవి పక్కనే.

"గట్ల గాదు బిడ్డా..." గుసగుస. "జర జరుగు."

"వస్త."

తలుపు తెరుచుకుంది.

షుజాత్ వచ్చేసరికి మనీషా నేల మీద కూర్చుని ఉంది. కంప్యూటరు తెర చూపించింది.

లోపలి మైకు. గొంతు: కుర్మయ్య. మాట: వస్త.

"నీ నకలు కిరాక్ ఉంది!" నవ్వాడు షుజాత్.

తెర మీద ఇంకో వరుస పడింది. అతని నవ్వు ఆగిపోయింది. యంత్రానికి వాళ్లు నేర్పింది ఒకే ఒక్క మాట.

బయటి మైకు. గొంతు: కుర్మయ్య. మాట: వచ్చిన.