రెండు వందల నలభై

...లేకపోతే ఇది భయం కాకపోవచ్చు, షుగర్ పడిపోతుండటం కావచ్చు. రెండింటికీ చెమట ఒకటే, గుండెదడ ఒకటే. తొమ్మిదేళ్ళ వయసు నుంచి టైప్ వన్ డయాబెటిస్‌తో బతుకుతున్న ఏజెంట్ శాంతిరాజ్‌కు ముప్పై నాలుగేళ్ళొచ్చినా ఆ తేడా తెలియలేదు. గడియారంలో షుగర్ సెన్సర్ అంకె డెబ్బై ఒకటి. బాణం కిందికి.

రామగుండం స్టేషన్. మధ్యాహ్నం రెండున్నర. నడుముకున్న ఇన్సులిన్ పంపులో మైకు దాచారు.

"హర్షిణి వచ్చింది చీఫ్. నల్ల కళ్ళద్దాలు, నీలం ఐస్‌బాక్స్."

"ఆమె మన మనిషి. కంగారుపడకు."

"ముఠావాళ్ళూ ఆమె తమ మనిషనే అనుకుంటున్నారు."

బాక్సులో నలభై రెండు మంది టైప్ వన్ రోగుల రక్త నమూనాలు. అడిపోనెక్టిన్ పరీక్షకు వెళ్తున్నాయి. కొవ్వు కణాలు వదిలే హార్మోన్ అది, రక్తనాళాలకు కాపలాదారని పేరు. టైప్ వన్ వాళ్ళలో మాత్రం కిడ్నీలు, కళ్ళలోని సన్నటి నాళాలు దెబ్బతిన్న చోటే అది ఎక్కువగా దొరుకుతుంది. ద్రోహం చేసిందా, సాయానికి వచ్చిందా? ఎవరూ తేల్చలేదు, ఈ నమూనాలు తేల్చవచ్చు. దాన్ని పెంచే ఇంజెక్షన్ అమ్మబోతున్న విదేశీ ముఠాకు ఈ నమూనాలు మాయం కావాలి. మాయమైతే ఆ సూది టైప్ వన్ పిల్లల ఒంట్లోకి దిగుతుంది.

బాక్సు అందుకునేవాడి ముఖం హర్షిణికి తెలియదు. కోడ్ తెలుసు: షుగర్ ఎంతని ఆమె అడగాలి. వాడు "రెండు వందల నలభై" అనగానే శాంతిరాజ్ పట్టుకోవాలి.

స్తంభానికి ఆనుకున్న బూడిదరంగు చొక్కా మనిషిని దాటి, ఆమె బెంచీ మీది ముసలాయన దగ్గర ఆగింది.

"షుగర్ ఎంత?"

"రెండు వందల నలభై బిడ్డా! పొద్దుగాల ఏం తినకముందే. బొగ్గుబాయిల ముప్పై ఏండ్లు చేసిన, గప్పుడు లేకుండె. దవాఖానోళ్ళు పంపిన్రా?"

ఆమె బాక్సు ఆయన ఒళ్ళో పెట్టి నడిచిపోయింది.

రైలు కూత వేసింది. బూడిదరంగు చొక్కా బాక్సు మీదికి కదిలింది. శాంతిరాజ్ పరుగెత్తాడు. కాళ్ళు వేరెవరివోలా ఉన్నాయి.

"ఏయ్, ఏంది గుంజుతున్నవ్? నా మందులివి!"

"కాకా, ఇడువకు!" శాంతిరాజ్ అరిచాడు.

పట్టుకున్నాడో, పడిపోయాడో. మొత్తానికి ఆ చొక్కా మనిషి కాళ్ళ మీదే పడ్డాడు. కూలీల వేషంలో ఉన్న ఏజెంట్లు వచ్చి చేరారు. రైలు ఒక ప్రయాణికుణ్ణి వదిలేసి వెళ్ళింది.

హర్షిణి తిరిగొచ్చింది.

"తప్పు మనిషికిచ్చావ్," అన్నాడు శాంతిరాజ్.

"తప్పా? గీ పక్క ఖని ఊర్ల పుట్టిన దాన్ని. ఈడ ఏ పింఛను ముసలాయనను అడిగినా గసొంటి అంకెనే చెప్తడు. కోడ్ పెట్టినోనికి తెల్వదు. నాకు తెల్వదా? గందుకే ఆయనకిచ్చిన, అసలోడు బయటవడ్డడు."

కళ్ళద్దాలు తీయలేదు. ముందే అనుకుని చేసిందా, దొరికాక అల్లిందా?

"ఆమె మన మనిషేనా?" చెవిలో చీఫ్.

"రక్తం తీసినా తేలదు చీఫ్."

గడియారంలో యాభై రెండు. ముసలాయన వంగి చూశాడు.

"గిట్ల వణుకుతున్నవేంది? షుగర్ పడ్డదా?" సంచిలోంచి బెల్లం ముక్క తీశాడు. "నా దగ్గర బెల్లమున్నదని డాక్టరుకు చెప్పకు. నోరు తెరువు."

ఎవరితను? ఎందుకిస్తున్నాడు? ఏం కలిపాడు? పదకొండేళ్ళ శిక్షణ వరుసగా అడిగింది. ఆ పదకొండేళ్ళలో అతను ఎవరి చేతి ముద్దా తినలేదు.

శాంతిరాజ్ నోరు తెరిచాడు.