నాలుగు గంటల కుదుపు

సాయంత్రం నాలుగు కాగానే పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ వీధులు ఇరవై సెకన్లపాటు కదులుతాయి. టీ తాగేవాళ్లు గ్లాసు చేతిలోకి తీసుకుంటారు. బడిపిల్లలు గోడలకు దూరంగా జరుగుతారు. కుదుపు ఆగగానే జనం పని వదిలి, రేవు వెనకున్న మెట్లదారిన కొండమీదికి బయల్దేరతారు. పైనుంచి ఒకసారి సముద్రాన్ని చూసి, దిగివచ్చి మళ్లీ పనిలో పడతారు. ఇది 2097. అక్కడ పుట్టిపెరిగినవాళ్లకు ఇది స్నానపానాల్లాంటి అలవాటు.

ఆ కుదుపు భూసడలిని అనే యంత్రం వల్ల వస్తుందని బడిలో చెబుతారు. అండమాన్ దీవుల కింద, ముప్పై కిలోమీటర్ల లోతున, ఒక భూఫలకం మరోదాని కిందికి చొరబడుతూ ఉంటుంది. రెండూ జారుతూ ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. ఎక్కడైనా బిగుసుకుపోతే వందల ఏళ్ల ఒత్తిడి పోగుపడుతుంది. ఆ పట్టు తెగిన నిమిషంలో నేల విదిలించుకుంటుంది, సముద్రం లేస్తుంది. భూసడలిని ఆ ఒత్తిడిని పోగుపడనివ్వదు. సముద్రం అడుగున తవ్విన పద్నాలుగు బావుల్లోంచి సలసల కాగే నీటిని పీడనంతో పంపి, ఫలకాల మధ్య తడి ఆరకుండా చూస్తుంది. బిగిసిన రాయి రోజూ రవ్వంత జారుతుంది.

కొత్త సెన్సార్లు అమర్చడానికి డాక్టర్ పొట్నూరు శర్వాణి విశాఖపట్నం నుంచి వచ్చింది. ముప్పై నాలుగేళ్ల భూకంప శాస్త్రవేత్త. మూడోరోజున ఆమె సెన్సార్లు చూపిన అంకెలను తనే నమ్మలేకపోయింది. మళ్లీ కొలిచింది. కుదుపు ముప్పై కిలోమీటర్ల లోతు నుంచి రావడం లేదు. రెండు కిలోమీటర్ల నుంచి వస్తోంది. సరిగ్గా ఊరి కింద నుంచి.

ఆమె నియంత్రణ గదికి వెళ్లి యంత్రాన్నే అడిగింది.

"నాలుగు గంటల కుదుపు నీ బావుల్లో ఏది పుట్టిస్తోంది?"

"ఏదీ కాదు," అంది భూసడలిని. "నా పనికి చప్పుడుండదు. ఫలకాలు జారిన సంగతి పైన ఎవరికీ తెలియదు."

"మరి ఆ కుదుపు ఎవరిది?"

"ఈ ప్రశ్న నన్నింతవరకు ఎవరూ అడగలేదు. అది కనకవల్లిగారిది."

భూసడలిని కేంద్రం అధిపతి సూరాడ కనకవల్లి అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. జంగ్లీఘాట్ మత్స్యకారుల ఇంట పుట్టి, ఆ కేంద్రంలోనే ముప్పై నాలుగేళ్లుగా పనిచేస్తున్న మనిషి. ఆమె ముఖంలో కోపం లేదు. నెమ్మదిగా వచ్చి కూర్చుని, హెడ్‌ఫోన్లు శర్వాణి చేతికిచ్చింది.

"ముందు ఇది ఇనమ్మా. తర్వాత నన్నేటి అడగాలో అడుగు."

ఒక నెలరోజుల కదలికను ఒక్క నిమిషానికి కుదించిన శబ్దం అది. మొదట ఏమీ వినబడలేదు. తర్వాత ఎక్కడో అట్టడుగున మూలుగులాంటిది మొదలైంది. అది చెవులకంటే ముందు పక్కటెముకలకు తెలిసింది. వెయ్యి కిలోమీటర్ల పొడవున్న రాయి, ఆగకుండా, తొందరపడకుండా, చీకట్లోకి దిగిపోతోంది. భూకంప శాస్త్రంలో పన్నెండేళ్లు గడిపిన శర్వాణికి తాను ఇంతవరకు కాగితం మీద గీతలనే చూశానని అప్పుడు అర్థమైంది. తెలియకుండానే బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"మనం నిలబడ్డ ఈ దీవి ఒకప్పుడు సముద్రం అడుగు మట్టి," అంది కనకవల్లి. "కింద పలక లోనికి పోతంటే పైనున్న మట్టి గీరుకుపోయి, మడతలు పడి, ఇలా పైకి లేచింది. కోట్ల ఏళ్ల పని. మన బావులు దాని ముందు ఏపాటివి? అది ఒప్పుకున్నంత కాలమే మన యంత్రం పన్జేస్తాది."

శర్వాణి హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టింది. "కుదుపు సంగతి చెప్పండి, మేడమ్."

కనకవల్లి చెప్పింది. మొదటి పదేళ్లు కుదుపు లేదు. భూసడలిని నిశ్శబ్దంగా పనిచేసింది, జనం నిశ్శబ్దంగా మరిచిపోయారు. మెట్లదారి మీద తుప్పలు మొలిచాయి. రేవును ఆనుకుని ఇళ్లు లేచాయి. 2066లో మూడు బావులు ఒకేసారి పూడుకుపోయాయి. అందరూ కొండెక్కమని కేంద్రం ఆరు గంటల ముందే చెప్పింది. ఎవరూ కదల్లేదు. ఆ సాయంత్రం నేల కదిలి, రెండు నిలువుల అల వచ్చి అరవై ముగ్గురిని తీసుకుపోయింది.

"మా నాన్న వాకిట్లో వల బాగుచేసుకుంటన్నాడు. నాను ఫోన్ చేసి ఏడ్చినాను. యంత్రం ఉంది గదా, నువ్వు భయపడకు అన్నాడు. నా మీద నమ్మకంతోనే కూకున్నాడమ్మా."

జనం మళ్లీ మరిచిపోకూడదని, మరుసటి ఏడాది కొలతల బావి అని చెప్పి, ఆమె పై అధికారి ఊరి కింద రెండు కిలోమీటర్లు తవ్వించి, అందులో కంపనయంత్రం దింపాడు. ఆయన పోయాక ఆ రహస్యం కనకవల్లి ఒక్కదానికే మిగిలింది.

"ముప్పై ఏళ్లు ఊరందరినీ మోసం చేశారు," అంది శర్వాణి.

"చేసినాను."

"నేను చెప్పక తప్పదు."

"సెప్పు. నాను అడ్డురాను. మొయ్యలేకపోతన్నాను కూడా."

మర్నాడు ఉదయం వేలంపాట అయిపోయాక చేపల షెడ్డులో జనం కూడారు. శర్వాణి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కనకవల్లి తల వంచుకుని నిలబడింది. అరుపులు వస్తాయనుకున్నారు ఇద్దరూ. ఎవరూ అరవలేదు. చాలామంది ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఎనభై ఏళ్ల మైలపల్లి పోలమ్మ ఖాళీ బుట్ట బోర్లించి దానిమీద కూర్చుని ఉంది. "ఆ బావిలోకి గొట్టాలు దింపినవోడు మా ఇంటాయనే," అంది. "మిషను దింపడం కళ్లారా సూసినాడు. ఇంటికొచ్చి నాకు సెప్పకుంటాడా? నాను ఈధికి సెప్పకుంటానా?"

కనకవల్లి తలెత్తింది. "అత్తా, నీకు తెలుసా?"

"అందరికీ తెలుసే. పిల్లలకి పద్దెనిమిదేళ్లు నిండితే మేమే సెప్తాం. ఆపించమంటారా అని అడుగుతాం. ఇంతవరకు ఒక్కరూ ఆపించమనలేదు."

"మరి నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే నీకు మనసొప్పక ఆపేస్తావేమోనని."

కనకవల్లి కొంగుతో ముఖం కప్పుకుని అక్కడే గట్టుమీద కూలబడింది. శర్వాణికి నిన్న చెవుల్లో విన్న ఆ లోతు ఎంత పెద్దదో, తమ మరుపు ఎంత పెద్దదో ఈ మనుషులకు శాస్త్రవేత్తలకంటే బాగా తెలుసనిపించింది.

"తెలిసి కూడా రోజూ కొండెక్కుతారా?" అని అడిగింది.

పోలమ్మ ఇబ్బందిగా చుట్టూ చూసింది. కొందరు చూపులు తిప్పుకున్నారు.

"ఎక్కుతాం గాని," అంది చివరికి, "ఈ మధ్యన చాలామంది సగం మెట్ల కాడే దిగిపోతన్నారు. ఒకోపాలి నానూ దిగిపోతన్నాను. కనకా, ఇంకాస్త గట్టిగా ఊపగలవేటే?"