కలల తాత అనని మాట

"పేజీ నంబర్ లేని మాటకి సున్నా!"

కొత్తగా వచ్చిన సైకాలజీ సార్ ఈ రూలు పెట్టగానే క్లాసంతా గొల్లుమంది. తలా ఒక గొప్ప మనస్తత్వ శాస్త్రవేత్త గురించి వెతికి రాయాలి. ఫోన్ ముట్టుకోకూడదు. స్కూల్ లైబ్రరీ పుస్తకాలే ఆధారం. రాసినవన్నీ ప్రదర్శన రోజున హాలు గోడ మీదికి ఎక్కుతాయి.

ఆ మధ్యాహ్నమే సార్ లైబ్రరీకి వచ్చి, సైకాలజీ బీరువా ముందు నిలబడి మొహం చిట్లించాడు.

"ఏవండీ, కుక్కల మీద ప్రయోగాలు చేసినాయన పుస్తకం కనపడదే?"

"జంతువుల అరలో ఉంది సార్" అంది లైబ్రేరియన్.

"జంతువుల్లోనా? అది సైకాలజీ అండీ!"

"తెలుసు సార్. అక్కడుంటే పిల్లలు తీస్తారు. ఇక్కడుంటే మీరొక్కరే తీస్తారు."

ఆయన జంతువుల అర దగ్గరికి నడిచాడు. పుస్తకం తీసుకుని వెళ్ళిపోయాడు. థాంక్స్ లేదు, సారీ లేదు. గుమ్మం దగ్గర మాత్రం ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. ఆమె చూడనట్టే ఉండి చూసింది.

స్టాఫ్ రూములో ఆమెను 'తాళాల మేడమ్' అంటారని ఆమెకు తెలుసు. సైకాలజీలో ఎం.ఏ. చదువుతుండగా అమ్మ పోయింది. చదువు మధ్యలో ఆగింది. ఆ బీరువాలోని నలభై ఒక్క పుస్తకాలనూ ఆమె ఎప్పుడో చదివేసిందని మాత్రం ఎవరికీ తెలియదు.

మర్నాటి నుంచి తెలిసింది. శాస్త్రవేత్తలకి పిల్లలు అప్పటికే ముద్దుపేర్లు పెట్టేశారు.

"మేడమ్, గంట కొట్టి కుక్కలకి నోరూరించాడే, ఆ గంట తాత ఎక్కడ?"

"కిటికీ పక్క అరలో ఇంకో పుస్తకం ఉంది. నాలుగో అధ్యాయం నుంచి చూడు."

"మరి మెట్ల తాత? మనిషి అవసరాలు ఒకదాని మీద ఒకటి అన్నాడే, ఆయన!"

"నీ చేతిలో ఉన్నది ఆయనదే తల్లీ. తలకిందులుగా పట్టుకున్నావు."

సార్ మూలనున్న బల్ల దగ్గర పేపర్లు దిద్దుకుంటూ ఇదంతా వినేవాడు. దిద్దడానికి పేపర్లు లేని రోజున కూడా వచ్చేవాడు. ఒకనాడు వాన పట్టుకుంటే, తగ్గాక కూడా అరగంట కూర్చున్నాడు.

"మీ సార్ ఇవాళ ఏం దిద్దాడమ్మా?" అని ఇంట్లో లైబ్రేరియన్ వాళ్ళ నాన్న కుట్టుమిషన్ ఆపి మరీ అడిగేవాడు.

"నాన్నా!"

ప్రదర్శనకు నాలుగు రోజులుందనగా ఒక అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. ఆమెకు పడింది కలలకి అర్థాలు చెప్పిన కలల తాత. హాల్లో ఆయన బొమ్మ కింద సార్ ఇష్టపడి రాయించిన మాటకే పేజీ నంబర్ దొరకడం లేదు: 'కల అంటే మనసు తనకు తాను రాసుకునే ఉత్తరం.'

లైబ్రేరియన్ మూడు రోజులు వెతికింది. నలభై ఒక్క పుస్తకాలూ మళ్ళీ తిరగేసింది. లేదు. చెబితే సార్‌కి కోపం వస్తుంది. చెప్పకపోతే పిల్లకి సున్నా వస్తుంది. రోజూ ఆ మూల బల్ల దగ్గరికి వచ్చే మనిషి ఇక రాకపోవచ్చు కూడా. అయినా చెప్పింది.

"సార్, ఆ మాట ఆయన అన్నట్టు మన పుస్తకాల్లో ఎక్కడా లేదు."

"అది మా ప్రొఫెసర్ గారు క్లాసులో చెప్పిన మాటండీ. మీరు సరిగ్గా చూసుండరు."

"అన్నీ చూశాను."

"చూడండి, మీరు లైబ్రేరియన్ మాత్రమే..." అని ఆగిపోయాడు.

"ఆగారేం సార్? తాళాలు చూసుకోమంటారా?"

ఆయన తల దించుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆమె తేదీ ముద్ర రెండు పుస్తకాల్లో తలకిందులుగా వేసింది.

మర్నాడు ప్రదర్శన. హాలు తల్లిదండ్రులతో నిండింది. నాన్న తను కుట్టుకున్న కొత్త చొక్కా వేసుకుని చివరి వరసలో కూర్చున్నాడు. ఆమె తలుపు చాటున నిలబడింది.

సార్ మైకు తీసుకున్నాడు. ఇంకో చేత్తో మార్కర్ పట్టుకుని, కలల తాత బొమ్మ కింది మాటను అడ్డంగా కొట్టేశాడు.

"ఈ మాటకి పేజీ నంబర్ లేదు. నిన్న సాయంత్రం మా ప్రొఫెసర్ గారికి ఫోన్ చేశాను. 'అది నా సొంత మాటయ్యా, ఆయనకెందుకు అంటగట్టావు?' అని నవ్వారు. పిల్లలకి పెట్టిన రూలు నాకూ ఉంటుంది. నాకు సున్నా. ఆ సున్నా వేసింది మా లైబ్రేరియన్ గారు. ఈ గోడ మీద ఒక్క పేజీ నంబరైనా ఆవిడ సాయం లేకుండా దొరకలేదు. మా స్కూల్లో సైకాలజీ నాకంటే బాగా తెలిసినవారు ఆవిడ. నిన్న నేను ఆవిడతో మాట్లాడిన తీరుకి అందరి ముందూ క్షమాపణ అడుగుతున్నాను."

మొదట ఆ ఏడ్చిన అమ్మాయి చప్పట్లు కొట్టింది. తర్వాత అందరూ కొట్టారు. అందరూ కూర్చునే కొడుతుంటే, చివరి వరసలో ఒకాయన మాత్రం లేచి నిలబడ్డాడు.

హాలు ఖాళీ అవుతుండగా సార్ ఆమె దగ్గరికి వచ్చాడు.

"మీ ఎం.ఏ. గురించి పిల్లలు చెప్పారు. పూర్తి చేయకూడదూ?"

"అప్లై చేసి రెండు నెలలైంది సార్."

"ఓహో. అయితే నేను చెప్పాల్సిందేం లేదన్నమాట." మార్కర్ మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. "అడగాల్సింది ఒకటుంది. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

"నాన్ననడగండి" అంది ఆమె.

"నన్నెందుకమ్మా?" అన్నాడు వెనకే వచ్చిన నాన్న. "ఆయన అడిగింది నిన్ను."

ఆమె సార్ చేతిలోంచి మార్కర్ తీసుకుని మూత గట్టిగా బిగించింది. "చేసుకుంటాను. ముందు పరీక్షలు అయిపోనివ్వండి."

నాన్న వాళ్ళనలా వదిలేసి మెట్లు దిగాడు. కింద ఒకావిడ ఆయన్ని పోల్చుకుని అడిగింది: "లైబ్రేరియన్ గారు మీ అమ్మాయేనాండీ?"

ఆయన కాలర్ సర్దుకున్నాడు.

"కాదండీ. నేనే ఆవిడ నాన్నని."