మోటార్ పెట్టె మీద చీటీ

శనివారం మధ్యాహ్నం అన్నం తింటుండగా కింద నుంచి పెద్ద కేక వినిపించింది. నర్సుగా పనిచేసే సారమ్మ కంచం వదిలేసి పరుగెత్తింది. వెనకే ఆమె కూతురు, పదేళ్ల జెస్సీ.

యలహంకలోని వాళ్ల అపార్ట్‌మెంట్‌లో కరెంటు పెట్టెలన్నీ మెట్ల కింద ఉంటాయి. అక్కడే, నీళ్ల మోటార్ పక్కన, ఎలక్ట్రీషియన్ మహబూబ్ బాషా గోడకు జారగిలబడి ఉన్నాడు. కుడి అరచెయ్యి కాలిపోయింది. పెదాలు వణుకుతున్నాయి.

"మోటార్ స్విచ్ ఆఫ్ చేసినాంకనే వైరు ముట్టినానమ్మా. యట్లొచ్చిందో కరెంటు!"

సారమ్మ నాడి చూసింది. ఆటో పిలిచి ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లింది.

అపార్ట్‌మెంట్ సెక్రటరీ వీరభద్రం, 'మోటార్' అని చీటీ ఉన్న పెట్టెలో స్విచ్ వేసి చూశాడు. వరండా లైట్లు వెలిగాయి!

జెస్సీ ఆ చీటీ వైపే చూసింది. మొన్న సాయంత్రం పెట్టెల మీది పసుపు చీటీలు నోటుబుక్కులకు బాగుంటాయని రెండు పీకింది తనే. ఎవరో వస్తున్న చప్పుడైతే, ఏది దేనిదో చూడకుండా మళ్లీ అంటించేసి పారిపోయింది.

"పెట్టెలు తుడిచేది నువ్వే కదా!" వీరభద్రం వాచ్‌మన్ చిక్కమునియప్ప మీద విరుచుకుపడ్డాడు. "చీటీలు ఊడితే తారుమారుగా అంటించావు. రేపట్నుంచి పనికి రావద్దు."

"నేను ముట్టలేదప్పా," అన్నాడు ముసలాయన. "నాకు చదవనీకే రాదు."

"అందుకే తప్పు అంటించావు!"

చిక్కమునియప్ప తల దించుకున్నాడు. అతని చేతిలో టోపీ నలిగిపోతోంది.

జెస్సీ మెట్ల వైపు చూసింది. మెట్లెక్కి వెళ్లిపోవచ్చు. ఎవరూ చూడలేదు.

"అంకుల్... తాత కాదు. మార్చింది నేను."

"రేపు పనికి రా," అన్నాడు వీరభద్రం, ముసలాయనతో. జెస్సీ ఏడుస్తూ చిక్కమునియప్ప దగ్గరికెళ్లింది. ఆయన టోపీ పెట్టుకుని, గేటు దగ్గరికి నడిచాడు.

సాయంత్రం అమ్మకూ చెప్పింది. సారమ్మ ఆమెను దగ్గర కూర్చోబెట్టుకుంది. "రేపు చర్చి అయ్యాక బాషా ఇంటికి వెళ్దాం. నువ్వే చెప్పాలి," అంది.

వాళ్లు వెళ్లేసరికి బాషా భార్య సమీనా అన్నం కలిపి ఆయనకు తినిపిస్తోంది. కుడిచేతికి మణికట్టు దాకా కట్టు. ఆ ముద్దలకేసి చూస్తూ జెస్సీ జరిగింది చెప్పింది.

బాషా నమలడం ఆపాడు. "టెస్టర్ పెట్టి కరెంటు చూడకుండా ముట్టినాను, నా తప్పు కూడా ఉండాది. కానీ పాపా, ఆ చీటీని నమ్మే కదా ఎవురైనా లోపల చెయ్యి పెడతారు."

సమీనా కళ్లు తుడుచుకుని, ఇంకో ముద్ద కలిపింది.

మూడు వారాలకు బాషా పనిలోకి వచ్చాడు. జెస్సీ కొత్త స్టిక్కర్ చీటీలు, స్కెచ్ పెన్నులతో దిగింది. ఆయన ఒక్కో స్విచ్ ఆపి, టెస్టర్‌తో చూసి, ఏది దేనిదో చెప్పాడు. ఆమె దూరంగా నిలబడి కన్నడంలో, తెలుగులో, ఇంగ్లీషులో రాసింది.

పెట్టెల తలుపులు మూశాక బాషా అన్నాడు. "ఇంక అంటించు పాపా."

జెస్సీ చీటీ వెనక కాగితం తీయలేదు.

"మోటార్‌ది ఇంకొక్కసారి చూడండి అంకుల్."

బాషా ఆమెకేసి చూశాడు. మెల్లగా వంగి, పెట్టె మళ్లీ తెరిచాడు.