పాలకాయతిప్పకి ఒక లాప్‌టాప్

"మీది ఏ ఊరండీ?"

షాపులో అడుగుపెట్టి, కారుతున్న గొడుగు మూసి, "లాప్‌టాప్ కావాలి" అన్న శ్రీదుర్గకి ఎదురైన మొదటి ప్రశ్న అది.

ఆమె చురుగ్గా చూసింది. కౌంటరు వెనక సన్నగా, పొడుగ్గా ఉన్న కుర్రాడు నిలబడి ఉన్నాడు. చొక్కా జేబులో చిన్న స్క్రూడ్రైవరు. మొహంలో మాత్రం అమాయకత్వం.

"ఊరు చూసి ధర చెబుతారా ఇక్కడ?"

"కాదండీ. ఊరు చూసి కరెంటు కోత ఎంతో తెలుసుకుంటాం. దాన్నిబట్టి లాప్‌టాప్ చెబుతాం."

 ఆ తాపీ జవాబుకి శ్రీదుర్గకి ఇంకాస్త కోపం వచ్చింది.

"పాలకాయతిప్ప" అంది పొడిగా.

2008లో వానాకాలం అది. బందరంతా ముసురు పట్టి ఉంది. పాలకాయతిప్ప దివిసీమ చివర, సముద్రం ఒడ్డునే ఉన్న బెస్తవాళ్ల ఊరు. అక్కడి మత్స్యకారుల సమాచార కేంద్రంలో శ్రీదుర్గ ఉద్యోగం. రోజూ ఈమెయిల్లో వచ్చే సముద్రం కబుర్లు, అంటే గాలి ఎటు, అల ఎంత ఎత్తు, చేపలు ఏ వైపు అన్నవి చూసి, మైకులో ఊరికి, వైర్‌లెస్ సెట్లో పడవలకి చెబుతుంది. కేంద్రంలో ఉన్న పాత కంప్యూటరు వోల్టేజీ దెబ్బకి కాలిపోయింది. కమిటీవాళ్లు కష్టపడి ముప్పయి వేలు పోగుచేసి, ప్రెసిడెంటు పూర్ణచంద్రరావుని తోడిచ్చి ఆమెని బందరు పంపారు.

"దేనికి వాడతారండీ? గేములా? వీడియో ఎడిటింగా?"

"చేపలు పట్టడానికి" అంది శ్రీదుర్గ.

కుర్రాడు నవ్వాపుకుని, ఆమె చెప్పిన పనంతా శ్రద్ధగా విన్నాడు. తర్వాత లోపలికి వెళ్లి ఒక లావుపాటి నల్ల లాప్‌టాప్ తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. చూడ్డానికి ఇనప్పెట్టెలా ఉంది.

"మీకిది సరిపోతుందండీ."

ఆ 'సరిపోతుంది' అన్న మాట శ్రీదుర్గకి చివుక్కుమని తగిలింది.

"ఆ అద్దాల బీరువాల్లో ఉన్నవి మాకు చూపించకూడదా? చేపలవాళ్లమని తెలిశాకే ఈ పెట్టె బయటికొచ్చిందే!"

కుర్రాడి మొహం మారిపోయింది. ఏదో అనబోయి ఆగిపోయాడు.

ఈలోగా పూర్ణచంద్రరావు అద్దాల దగ్గరికి వెళ్లి ముచ్చటపడిపోతున్నాడు. "ఇదిగో దుర్గమ్మా, ఇది చూడు! వెండి పళ్లెంలా ధగధగా మెరుస్తోంది. కొంటే ఇలాంటిది కొనాలి. నలుగురూ చెప్పుకుంటారు."

"అదే ఇవ్వండి" అంది శ్రీదుర్గ, కుర్రాడి కేసి చూస్తూ.

"అది మంచిదేనండీ. కాకపోతే డబ్బంతా దానికే అయిపోతుంది. నల్లదయితే ఇంకో బ్యాటరీ కూడా..."

"అదే ఇవ్వండి."

అతను మారు మాట్లాడకుండా బిల్లు రాశాడు. ఇచ్చేటప్పుడు మాత్రం, "అట్టపెట్టె పారేయకండి. పని జరక్కపోతే ఫోన్ చెయ్యండి, మార్చి ఇస్తాను" అని కార్డు చేతిలో పెట్టాడు. దాని మీద భానుప్రకాష్ అని ఉంది.

"ఆ అవసరం రాదు" అంది శ్రీదుర్గ.

మర్నాడే వచ్చింది.

కేంద్రం వరండా సముద్రానికి ఎదురుగా ఉంటుంది. పొద్దున్నే మత్స్యకారులంతా అక్కడ చేరతారు. శ్రీదుర్గ కొత్త లాప్‌టాప్ తెరిస్తే, నున్నటి అద్దం లాంటి ఆ తెరలో ఆకాశం కనిపించింది, ఎండ కనిపించింది, వెనక నిలబడ్డ వాళ్ల తలపాగాలు కనిపించాయి. అక్షరాలు మాత్రం కనిపించలేదు. చున్నీ కప్పుకుని, తల లోపలికి దూర్చి చదవడం మొదలుపెట్టింది.

"గాలి వేగం గంటకి..."

కరెంటు పోయింది. కాసేపటికే బ్యాటరీ కూడా అయిపోయి తెర నల్లబడింది.

"గంటకెంత దుర్గా?" అన్నారు ఎవరో. వరండా అంతా నవ్వులు.

అభిమానం కొద్దీ నాలుగు రోజులు ఓపిక పట్టింది. ఐదో రోజు ఫోన్ చేసింది.

"నేను పాలకాయతిప్ప నుంచి మాట్లాడుతున్నాను."

"శ్రీదుర్గగారా! చెప్పండి."

"లాప్‌టాప్ బాగానే ఉంది."

"సంతోషమండీ."

"చాలా బాగుంది."

"ఇంకా సంతోషమండీ."

 ఇక లాభం లేక శ్రీదుర్గ నీరసంగా ఒప్పుకుంది. "అందులో నా మొహం తప్ప ఇంకేం కనపడట్లేదు."

"అది మంచిదేగా అండీ" అనేసి భానుప్రకాష్ నాలిక్కరుచుకున్నాడు.

శ్రీదుర్గ టక్కున ఫోన్ పెట్టేసింది. నవ్వు అతనికి వినిపిస్తుందేమోనని భయం.

ఆదివారం అతనే వచ్చాడు. అవనిగడ్డలో బస్సు మారి, కోడూరు దగ్గర ఆటో ఎక్కి, నల్ల లాప్‌టాప్ సంచీని గుండెకి హత్తుకుని వానలో తడుస్తూ దిగాడు. సంచీ మీద చుక్క నీరు పడలేదు.

వరండాలో కూర్చుని తెరిచి చూపించాడు. తెర మెరవదు కాబట్టి ఎంత వెలుతురులోనైనా అక్షరాలు కనిపిస్తున్నాయి. తేడా డబ్బుకి ఇంకో బ్యాటరీ, ఫోన్ నుంచి నెట్ పెట్టుకునే కేబుల్ వచ్చాయి. "ఉప్పు గాలికి ఏదైనా పాడవుతుందండీ. దీనికయితే సామాను బందర్లోనే దొరుకుతుంది. నేనే వచ్చి వేస్తాను."

శ్రీదుర్గ తండ్రి బాబూరావు అప్పుడే పడవ కట్టేసి వచ్చాడు. "ఎవరబ్బాయివి బాబూ?" అన్నాడు.

"బందరు పక్క గిలకలదిండి అండీ. కోటమ్మగారి అబ్బాయిని."

"మన కోటమ్మా? బందరు మార్కెట్లో చేపలమ్మే కోటమ్మ కొడుకువా? ఓరి నీ! మీ నాన్నా నేనూ ఒకే పడవ మీద వెళ్లేవాళ్లం. రా, ముందు భోంచేద్దువుగాని."

శ్రీదుర్గ మొహం ఎర్రబడింది. తండ్రి ఇంటివైపు నడవగానే గొంతు తగ్గించి అడిగింది.

"ఆ రోజు ఈ మాట చెప్పొచ్చుగా?"

"చెబితే నమ్మేవారా? బేరం కోసం చుట్టరికం కలుపుతున్నాడనేవారు."

అక్షరాలా అలాగే అనుండేది. అందుకే ఇంట్లో భోజనం దగ్గర అతని విస్తట్లో ఇంకో చేపముక్క వేసింది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం ఫోన్ మోగేది.

"బ్యాటరీ ఎలా ఉందండీ?"

"బాగుంది."

"వేడెక్కుతోందా?"

"లేదు."

"కీబోర్డు మీద ఇసుక పడకుండా చూస్తున్నారా?"

"చూస్తున్నాను. మీకు బెంగంతా లాప్‌టాప్ గురించేనా?"

అతను తడబడ్డాడు. "అంటే... వారంటీ ఉంది కదండీ."

"వారంటీ ఎన్నాళ్లు?"

"ఏడాది."

"అది అయిపోతే ఫోన్ చెయ్యరన్నమాట."

 భానుప్రకాష్‌కి చెప్పాలనే ఉంది. కానీ ఒకసారి ఆమె కోపం చూసినవాడు. తొందరపడితే ఈ సాయంత్రాలు కూడా పోతాయని భయం.

కార్తీకమాసంలో ఒక పొద్దున్న శ్రీదుర్గ మెయిల్ తెరిచి ఉలిక్కిపడింది. వాయుగుండం. మధ్యాహ్నానికి గాలి పెరుగుతుందని, పడవలన్నీ వెంటనే ఒడ్డుకి రావాలని ఉంది. ముందు రోజు వెళ్లిన పడవలు సముద్రంలోనే ఉన్నాయి. వాటిలో బాబూరావుది ఒకటి.

ఆమె వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చుంది. "పాలకాయతిప్ప నుంచి దుర్గని మాట్లాడుతున్నా. వాయుగుండం వస్తోంది. ఉత్తరం గాలి పెరుగుతోంది. ఎక్కడున్నవాళ్లు అక్కడి నుంచి దగ్గర్లో ఉన్న రేవుకి వెళ్లిపోండి."

కరెంటు ఎప్పుడో పోయింది. బ్యాటరీల మీద లాప్‌టాప్, వైర్‌లెస్ సెట్టు మాత్రం నడుస్తున్నాయి. కొత్త సమాచారం వచ్చినప్పుడల్లా చదువుతోంది, చెబుతోంది. ఒక బ్యాటరీ అయిపోతే రెండోది పెట్టింది. ఒక్కొక్క పడవా జవాబిచ్చింది. ఒకటి తర్వాత ఒకటి ఊరి పక్క ఏటిలోకి వచ్చేస్తున్నాయి. ఒడ్డున ఆడవాళ్లు తమవాళ్లని చూసుకుని పరుగెడుతున్నారు.

బాబూరావు పడవ మాత్రం పలకలేదు.

భానుప్రకాష్ ఫోన్ చేశాడు. ఈసారి బ్యాటరీ గురించి అడగలేదు. "అందరూ వచ్చేశారా?"

"మా నాన్న రాలేదు." రెండో చేత్తో మైకు పట్టుకునే ఉంది. "పిలుస్తుంటే పలకట్లేదు. బందరు వైపు వెళ్తానన్నాడు."

"నేను గిలకలదిండి రేవుకి వెళ్తున్నాను. మీరు పిలుస్తూనే ఉండండి, ఆపకండి."

అంతలోనే సిగ్నల్ పోయింది.

వాన తెరలు తెరలుగా కొడుతోంది. కిటికీ రెక్క కొట్టుకుంటోంది. శ్రీదుర్గ పిలుస్తూనే ఉంది. అందరికీ చెప్పే మాటలు అయిపోయి, చివరికి "నాన్నా, వినపడుతోందా?" అన్న ఒక్క మాటే మిగిలింది. కళ్లు తుడుచుకుంటూ తెర మీద చివరగా వచ్చిన సమాచారమే ఇంకోసారి చదివింది. మళ్లీ పిలిచింది.

సాయంత్రమవుతుండగా ఫోన్ మోగింది.

"దుర్గా!" అన్నాడు భానుప్రకాష్. అండీ లేదు, గారూ లేదు. ఆయాసం మాత్రం ఉంది. "వచ్చేశారు! మీ నాన్న వచ్చేశారు. ఇదిగో, మా అమ్మ దగ్గర కూర్చుని టీ తాగుతున్నారు. ఇస్తున్నాను, మాట్లాడు."

"అమ్మాయ్" అంది బాబూరావు గొంతు. "పొద్దున్న నువ్వు చెప్పగానే వల కోసేసి పడవ తిప్పేశాను. జవాబు చెప్పేలోగా సెట్టు తడిసి మూగబోయింది. నీ గొంతు వినపడిందిలే, మేమంతా బాగానే ఉన్నాం. ఏడవమాకు. ఈ అబ్బాయి చూడు, పీకల్లోతు నీళ్లలోకి దిగి మా తాడందుకున్నాడు."

 శ్రీదుర్గ పొద్దుటి నుంచి బిగపట్టిన ఏడుపంతా ఒక్కసారి బయటికొచ్చింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వుతూ ఆమె తల నిమిరారు. వాళ్లలో కొందరి కళ్లలోనూ నీళ్లే.

మూడో రోజు వాన వెలిసి బస్సులు మొదలవగానే తండ్రికి పొడి బట్టలు తీసుకుని గిలకలదిండి వెళ్లింది. రేవంతా ఎండ. ఎక్కడ చూసినా వలలు ఆరేసి ఉన్నాయి. బాబూరావు పడవ మీద కూర్చుని ఇంజను విప్పుతున్నాడు. కూతుర్ని చూసి చెయ్యి ఊపాడు, ఏమీ కానట్టు. ఆమె పరుగెత్తుకెళ్లి ఆ గ్రీజు చేతుల్నే పట్టుకుని కాసేపు వదల్లేదు.

తర్వాత భానుప్రకాష్ ఇంటికి వెళ్లింది. అతను గుమ్మంలోనే ఉన్నాడు. జలుబుతో ముక్కు ఎర్రగా ఉంది.

"రండి శ్రీదుర్గగారూ. కూర్చోండి."

"మొన్న ఫోన్లో దుర్గా అన్నారు."

"అప్పుడు కంగారులో ఉన్నానండీ."

"ఇప్పుడు లేరా?"

"ఇప్పుడింకా ఎక్కువ కంగారుగా ఉంది." ఒకసారి తుమ్మి, తలెత్తి ఆమె కళ్లలోకి చూశాడు. "రోజూ ఫోన్ చేసి లాప్‌టాప్ గురించి అడిగింది అబద్ధం. మీ గొంతు వినడానికే చేశాను. మొన్న రేవులో నిలబడ్డప్పుడు మాత్రం, మీకు చెడ్డ కబురు చెప్పాల్సి వస్తే ఎలాగని ఒళ్లంతా చల్లబడిపోయింది. నాకు మీరంటే ఇష్టం. మీకు ఇష్టం లేకపోతే చెప్పెయ్యండి, ఇంకెప్పుడూ ఫోన్ చెయ్యను."

 శ్రీదుర్గ చెప్పులు విడిచి, అతన్ని దాటుకుని తిన్నగా వంటింట్లోకి నడిచింది. పొయ్యి దగ్గర కోటమ్మ పులుసు కలుపుతోంది.

శ్రీదుర్గ ఆమె పక్కనే పీట వాల్చుకుని కూర్చుంది. మూడు రోజులుగా ముద్ద దిగలేదని అప్పుడే గుర్తొచ్చింది.

"అత్తా, ఆకలేస్తోంది. అన్నం పెడతావా?"

కోటమ్మ చేతిలో గరిట ఆగిపోయింది. ఆ పిల్ల మొహంలోకి చూసింది, గుమ్మంలో కొయ్యబారి నిలబడ్డ కొడుకు కేసి చూసింది. ఆమె మొహమంతా నవ్వయింది.

"పెట్టనటమ్మా! ఒరేయ్, అలా చూస్తావేంట్రా, బాబూరావన్నయ్యని కూడా కేకెయ్. అందరం కూర్చుని తిందాం."