కనకమామిడిలో పొడుగు ప్రార్థన

షేర్ ఆటో హిమాయత్‌నగర్ ఊరు దాటగానే ఏజెంట్ ప్రవీణ చెవిలో చీఫ్ గొంతు పలికింది.

"టార్గెట్ విక్టర్, ఫారిన్ ఏజెంట్. మీ తమ్ముడు జానీ విండోస్ కంప్యూటర్ల కోసం చేసిన పతంగుల ఆటని వాడు ఫోన్లకి మార్పిస్తున్నాడు. అతన్ని కనకమామిడి ఫామ్‌హౌస్‌లో బంధించి మరీ! ఫోన్ వెర్షన్‌లో మైకు తెరిచే దొంగ ఫైలు దూర్చాడు. ఆట విడుదలైతే సైనికుల ఇళ్లలో మాటలన్నీ వాడి దేశానికి చేరతాయి."

"రెయిడ్ చేస్తే, సార్?"

"గేటు తోసేలోపే రిలీజ్ బటన్ నొక్కేస్తాడు. ముందు ఫైలు మారాలి. లేదంటే, ఆట జానీ పేరు మీద ఉంది గనక దేశద్రోహి ముద్ర జానీకే."

ప్రవీణకి ఒళ్లు మండిపోయింది. "నా తమ్ముని పేరు మీద వాని దొంగతనమా? వాని సంగతి నేను చూస్త సార్!"

నెరిసిన విగ్గు, తెల్లచీర, చంకలో జిప్పు కవరు బైబిల్, ఆ కవరు అంచున పెన్‌డ్రైవ్. పాస్టరమ్మ వేషం భేషుగ్గా కుదిరింది. ఇదంతా జానీ మొండితనం పుణ్యమే. "ప్రార్థన లేకుండ మా ఇండ్లల్ల కొత్త పని మొదలుపెట్టం. ప్రార్థన కాకముందే బటన్ నొక్కితే, తర్వాత ఆటల తప్పులొచ్చినా చంపినా సరిజెయ్యను" అని భీష్మించుకు కూర్చున్నాడట. విక్టర్ పళ్లు నూరుతూ పాస్టరమ్మని పిలిపించమన్నాడు. ఆ కబురు డిపార్ట్‌మెంట్‌కి ఎవరు చేరవేశారో చీఫ్ చెప్పలేదు.

గదిలో జానీ కంప్యూటర్ ముందున్నాడు. ఇద్దరు కాపలావాళ్లు అతని వేళ్ల మీంచి చూపు తిప్పడంలేదు. విక్టర్ పక్కన ఎర్రచీరలో ఘుమఘుమలాడుతూ మేఘ. ఈవిడ ఇవాళ మన మనిషి, రేపు వాళ్ల మనిషి. ఎవరి మనిషో ఆ దేవుడికే తెలియాలి!

"కండ్లు మూసుకోండ్రి బిడ్డలారా" అంది ప్రవీణ.

కాపలావాళ్లు చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. ప్రార్థన అనగానే చేతులు కట్టుకుని కళ్లు మూశారు. వాళ్లని చూసి విక్టర్ కూడా తల వంచాడు.

పెన్‌డ్రైవ్ జానీ చేతిలో పడింది. అందులో అదే పేరుతో ఇంకో ఫైలు. ఫోన్‌లో నడుస్తుంది గాని, లోపల మైకు ఊసే లేదు. దొంగ ఫైలు తీసేసి, దీన్ని పెట్టి, ఆటని మళ్లీ కూర్చాలి. కీబోర్డు టకటకలు వినబడకుండా ప్రవీణ గొంతు పెంచింది. వానల కోసం, పక్కనున్న ప్రొద్దుటూరు రైతుల కోసం, దవాఖానలో ఉన్నవాళ్ల కోసం వేడుకుంది. స్క్రీన్ మీద పని ఎంతయిందో చూపే గీత మాత్రం నత్తనడకన కదులుతోంది.

"అక్కా, ఇంక జర" అని గొణిగాడు జానీ.

అప్పుడే మేఘ ఒక కన్ను తెరిచింది. స్క్రీన్ చూసింది. విగ్గు చూసింది. ప్రవీణ గొంతు ఇంకాస్త పెంచింది.

"ఇంకా ఎంతసేపు?" విక్టర్ తల ఎత్తబోయాడు.

"అవ్వా, మా బాపు మోకాళ్ల నొప్పులకు గూడ జర ప్రార్థన చెయ్యి" అంది మేఘ గట్టిగా. "నువ్వు తల దించు విక్టర్. ఊరోళ్లకు అనుమానమొస్తది."

ఓహో, కబురు పంపిన మహాతల్లి ఈవిడేనన్నమాట! ప్రవీణ ఆ మోకాళ్లని ఒక్కొక్కటిగా అందుకుంది. రెండోది పూర్తవుతుండగా గీత నిండింది.

"ఆమెన్!"

విక్టర్ ఆత్రంగా బటన్ నొక్కాడు. ఆట విడుదలైంది. ఫోన్లో పతంగి ఎగిరింది. వాడి స్క్రీన్ మీదికి మాత్రం ఒక్క మాటా రాలేదు.

"మైకు ఏది?" అని అరిచాడు.

జానీ లేచి నిలబడ్డాడు. "ఆట నాది, పేరు నాది. ఏ సిస్టమ్‌కు మార్చినా అది నాదే. నీ మైకుకు దాంట్ల జాగ లేదు, పో!"

గేటు విరిచిన చప్పుడు వినబడింది. చీఫ్ మనుషులు విక్టర్‌నీ కాపలావాళ్లనీ జీపెక్కించారు. తమ్ముణ్ణి గట్టిగా వాటేసుకుని కళ్లు తుడుచుకుంది ప్రవీణ.

బయట, ఆ ప్రార్థన గోడ అవతలి నుంచి విన్న నలుగురు ఆడవాళ్లు కాచుకుని ఉన్నారు. "గింత మంచిగ ప్రార్థన చేసేటోళ్లను ఎన్నడు చూడలే పాస్టరమ్మా! మా ఇండ్లకు గూడ రావాలె."

వేషం బయటపెట్టకూడదు, డిపార్ట్‌మెంట్ రూలు. బైబిల్ చంకన పెట్టుకుని, ఏజెంట్ ప్రవీణ బుద్ధిగా వాళ్ల వెనకే నడిచింది.